ఎడ్గర్ మాబ్స్

ఎడ్గర్ రాబర్ట్ మాబ్స్ (జూన్ 29, 1882 - జూలై 31, 1917) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ రగ్బీ క్రీడాకారుడు, సైనికాధికారి. నార్తాంప్టన్ రగ్బీ క్లబ్బుకు 1907 నుండి 1913 వరకు నాయకత్వం వహించాడు. ఇంగ్లండు జాతీయ జట్టు తరఫున 7 అంతర్జాతీయ పోటీలలో ఆడాడు. మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభంలో, 32 ఏళ్ళ వయసులో, వయోపరిమితి దాటిందన్న కారణంతో సైన్యాధికారి పదవికి అనర్హుడయ్యాడు. అప్పుడు సామాన్య సిపాయిగా చేరి, తన ఊరి క్రీడాకారులతోనూ, అభిమానులతోనూ ఒక దళాన్ని సమీకరించాడు. మూడేళ్ళలోపే లెఫ్టినెంట్ కల్నల్ హోదాకు ఎదిగి, బెల్జియంలోని ఈప్ర్ సమీపాన జరిగిన పోరాటంలో మరణించాడు. ఇతని భౌతికకాయం లభించలేదు. నార్తాంప్టన్ పట్టణ ప్రజలు ఇతని స్మృత్యర్థం 1921లో ఒక విగ్రహ స్మారకాన్ని నిర్మించారు, ఒక రగ్బీ పోటీని నెలకొల్పారు.

జననం, విద్యాభ్యాసం

మాబ్స్ 1882 జూన్ 29న ఇంగ్లండు మధ్యభాగంలోని నార్తాంప్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఆలివర్ మాబ్స్ ఇంజనీరు. నార్తాంప్టన్‌కు ఆగ్నేయ దిశలో ఉన్న బెడ్‌ఫర్డ్ పట్టణంలోని బెడ్‌ఫర్డ్ మోడరన్ స్కూలులో ఇతడు చదువుకున్నాడు. చదువు ముగిసిన తరువాత మోటారు వాహనాల వ్యాపారంలో ప్రవేశించాడు. మోటారు కార్లు ఇంగ్లండు రోడ్ల మీద అప్పుడప్పుడే కానవస్తున్న రోజులవి. పిచ్‌లీ ఆటోకార్ కంపెనీ అనే సంస్థలో నిర్వాహకుడిగా పనిచేస్తూ జీవనోపాధి పొందాడు. ఆ కాలంలో రగ్బీ ఆటగాళ్ళకు ఆట వల్ల ఒక్క పైసా ఆదాయం ఉండేది కాదు కనుక వారంలో ఆరు రోజులు ఉద్యోగం, శనివారం మధ్యాహ్నం ఆట అన్నది అందరికీ అలవాటైన జీవన విధానం.

మాబ్స్ సోదరుడు నోయెల్ మాబ్స్ కూడా మోటారు వ్యాపారంలోనే పేరు గడించాడు. యుద్ధానంతరం లండనుకు పడమరగా ఉన్న స్లౌ అనే ఊరిలో, సైన్యం వాడి వదిలిన వాహనాల డిపో స్థలాన్ని పారిశ్రామికవాడగా మార్చిన సంస్థకు నోయెల్ సారథ్యం వహించాడు.

ఓల్నీలో తొలి అడుగులు

మాబ్స్ మొదట ఆడిన క్లబ్బులలో చెప్పుకోదగినది ఓల్నీ రగ్బీ క్లబ్బు. ఓల్నీ బకింగ్‌హామ్‌షైరు కౌంటీలో గ్రేట్ ఊజ్ నది ఒడ్డున ఉన్న చిన్న సంత పట్టణం. నార్తాంప్టన్‌కు, బెడ్‌ఫర్డ్‌కు కూడా దగ్గరలోనే ఉంటుంది. 18వ శతాబ్దిలో కవి విలియం కూపర్, మతాచార్యుడు జాన్ న్యూటన్ ఇక్కడ నివసించారు. తెలుగునాట చర్చిలలో కూడా సుపరిచితమైన అమేజింగ్ గ్రేస్ అనే కీర్తనను న్యూటన్ ఇక్కడ ఉండగానే రచించాడు. ఈ ఊరి రగ్బీ క్లబ్బు 1877లో ఏర్పడింది. అంటే మాబ్స్ పుట్టుకకు అయిదేళ్ళు ముందే అక్కడ ఆట స్థిరపడింది.

నేడు ఓల్నీలో కాపురముండి ఉద్యోగాల కొరకు మిల్టన్ కీన్స్‌కూ, లండనుకూ రోజూ పోయివచ్చేవారు అనేకులు. మాబ్స్ కాలంలో మాత్రం అది వ్యవసాయం, తోలు పని, లేసు అల్లిక వంటి వృత్తుల మీద ఆధారపడిన ఊరు. ఇటువంటి చిన్న ఊళ్ళ క్లబ్బులే ఇంగ్లండులో రగ్బీకి పునాదులు. పెద్ద క్లబ్బులకు ఆటగాళ్ళు ఈ మైదానాల నుండే వచ్చేవారు. మాబ్స్ కూడా ఓల్నీతో పాటు వెస్టన్ టర్క్స్, నార్తాంప్టన్ హీథెన్స్ అనే చిన్న జట్లకు ఆడి, 1905లో నార్తాంప్టన్ ప్రధాన క్లబ్బులో చేరాడు.

నార్తాంప్టన్ పట్టణం, సెయింట్స్ క్లబ్బు

మాబ్స్ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే అతని ఊరిని గురించి కొంత తెలుసుకోవలసి ఉంటుంది. నార్తాంప్టన్ చెప్పుల పరిశ్రమకు దేశమంతటా పేరుపొందిన పట్టణం. 1911 నాటికి జనాభా సుమారు 90 వేలు. వీధి వీధికీ బూట్ల కర్మాగారమో, తోలు మండీయో ఉండేది. స్థానిక ఫుట్‌బాల్ జట్టును ఈనాటికీ చెప్పులు కుట్టేవారు అనే అర్థం గల ముద్దుపేరుతోనే పిలుస్తారు. లండను నుండి బర్మింగ్‌హామ్‌కు 1838లో వేసిన ప్రధాన రైలుమార్గం ఈ పట్టణాన్ని తాకకుండా కొద్ది దూరంలో వెళ్ళిపోయింది. 1845లో ఒక శాఖామార్గం, 1880లలో లండనుకు మరింత నేరుగా పోయే మార్గం ఏర్పడ్డాయి. లండనుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పటికీ, మాబ్స్ కాలంలో ఊరివారిలో అత్యధికులు ఊరిలోనే పుట్టి, ఊరిలోనే పనిచేసి, ఊరి ఆటనే చూసేవారు.

రగ్బీ క్లబ్బు 1880లో ఏర్పడింది. సెయింట్ జేమ్స్ చర్చిలో సహాయ మతాచార్యుడైన శామ్యూల్ వాథెన్ విగ్ తన చర్చి పరిధిలోని అల్లరి పిల్లలను మంచి దారిలో పెట్టే ఉద్దేశంతో దీనిని స్థాపించాడు. అందువల్లనే జట్టుకు సెయింట్స్ (పునీతులు) అనే పేరు వచ్చింది. క్లబ్బు మైదానం ఫ్రాంక్లిన్స్ గార్డెన్స్ మొదట ప్రజల వినోదార్థం ఏర్పరచిన ఉద్యానవనం.

రగ్బీ ఆట సంక్షిప్తంగా: కోడిగ్రుడ్డు ఆకారంలోని బంతిని చేతబట్టుకొని పరుగెత్తి, ప్రత్యర్థి గీతకు ఆవల నేలకు తాకించడం ఈ ఆటలో ముఖ్యాంశం. దీనిని ట్రై అంటారు. మాబ్స్ కాలంలో ట్రైకి 3 పాయింట్లు ఇచ్చేవారు, నేడు 5 పాయింట్లు. బంతిని చేతితో ముందుకు విసరరాదు, పక్కకు గాని వెనుకకు గాని మాత్రమే అందించాలి. బంతి ఉన్న ఆటగాడిని ప్రత్యర్థులు పట్టి పడవేయవచ్చు. జట్టుకు 15 మంది. బంతి ఉన్నవాడు ఎల్లప్పుడూ ముందుండాలి, మిగిలినవారు అతని వెనుక నుండి ఆసరాగా రావాలి. మైదానంలో నాయకుడు ఎలా ఉండాలో ఈ నియమమే చాలావరకు నిర్ణయిస్తుంది.

క్రీడాజీవితం

మాబ్స్ త్రీక్వార్టర్ అనబడే వెనుక వరుస ఆటగాడు. ఎక్కువగా మైదానం అంచున, అనగా వింగ్ స్థానంలో ఆడాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, దానికి తగిన బలం, మోకాళ్ళు పైకెత్తి పరుగెత్తే ప్రత్యేకమైన తీరు ఇతనికి ఉండేవి. అడ్డుకోవడానికి వచ్చినవారిని చాచిన అరచేతితో తోసివేసి ముందుకు సాగడంలో ఇతడు దిట్ట. క్లబ్బు తరఫున 200కు పైగా పోటీలలో ఆడి, 100కు పైగా ట్రైలు సాధించాడు.

క్లబ్బులో చేరిన రెండేళ్ళకే, 1907లో, నాయకుడయ్యాడు. 1913లో ఆట విరమించేవరకు ఆ బాధ్యత ఇతనిదే. ఈ కాలంలో నార్తాంప్టన్ దేశంలోని ముఖ్యమైన జట్లలో ఒకటిగా గుర్తింపు పొందింది. కౌంటీ స్థాయిలో ఈస్ట్ మిడ్‌లాండ్స్ జట్టుకు, ఆహ్వానిత క్రీడాకారులతో కూడిన బార్బేరియన్స్ జట్టుకు కూడా ఆడాడు. బార్బేరియన్స్ 1890లో ఏర్పడిన జట్టు. దానికి సొంత మైదానం లేదు. ఆటతీరులోనూ, నడవడిలోనూ మేటి అనిపించుకున్నవారిని మాత్రమే అది ఆహ్వానిస్తుంది.

1908-09లో ఆస్ట్రేలియా జట్టు మొదటిసారిగా బ్రిటనులో పర్యటించింది. 1909 జనవరి 9న లండను సమీపంలోని బ్లాక్‌హీత్‌లో జరిగిన పోటీతో మాబ్స్ ఇంగ్లండు జట్టులో ప్రవేశించాడు. ఇంగ్లండు 3-9 తేడాతో ఓడిపోయింది. ఆ 3 పాయింట్లు మాబ్స్ సాధించిన ట్రై వల్ల వచ్చినవే. అదే పర్యటనలో మిడ్‌లాండ్స్ ప్రాంతపు ఉమ్మడి జట్టు లెస్టర్‌లో ఆస్ట్రేలియాను 16-5 తేడాతో ఓడించింది. ఆ జట్టులో మాబ్స్ కూడా ఉన్నాడు. ఆ పర్యటనలో ఆస్ట్రేలియాను ఓడించిన ఇంగ్లండు గడ్డమీది జట్టు అదొక్కటే. మిగిలిన పరాజయాలు వారికి వేల్స్‌లో ఎదురయ్యాయి.

1909లోనే వేల్స్, ఫ్రాన్సు, ఐర్లండు, స్కాట్లండులతో జరిగిన పోటీలలోనూ మాబ్స్ పాల్గొన్నాడు. 1910లో ట్వికెన్‌హామ్‌లో కొత్తగా ప్రారంభమైన మైదానంలో ఐర్లండుతో ఆడాడు. ఆ పోటీలో ఇరుజట్లూ ఒక్క పాయింటూ చేయలేదు. 1910 మార్చి 3న పారిస్‌లో ఫ్రాన్సుతో జరిగిన పోటీకి ఇంగ్లండు నాయకుడిగా వ్యవహరించి 11-3 తేడాతో జట్టును గెలిపించాడు. ఇదే ఇతని చివరి అంతర్జాతీయ పోటీ. మొత్తం 7 పోటీలలో 4 ట్రైలు సాధించాడు. జాతీయ జట్టుతో అనుబంధం రెండేళ్ళలోపే ముగిసినా, క్లబ్బులో ఇతని స్థానం చెక్కుచెదరలేదు. ఊరివారికి మాబ్స్ ఇంగ్లండు ఆటగాడి కంటే ముందు తమ శనివారపు నాయకుడు.

యుద్ధారంభం, సైన్యంలో ప్రవేశం

1914 ఆగస్టు 4న బ్రిటను జర్మనీపై యుద్ధం ప్రకటించింది. ఫుట్‌బాల్ లీగు పోటీలు మరొక ఏడాది కొనసాగినా, రగ్బీ సంఘం తన పోటీలను నిలిపివేసి, ఆటగాళ్ళను సైన్యంలో చేరమని ప్రోత్సహించింది. మాబ్స్ అప్పటికి ఆట విరమించి ఏడాదైంది, వయసు 32. అధికారి హోదా కోసం దరఖాస్తు చేసుకోగా, వయసు మించినదని సైనిక శాఖ నిరాకరించింది.

అప్పటి బ్రిటిష్ సమాజంలో చదువు, హోదా ఉన్నవారు అధికారులుగానే సైన్యంలో చేరేవారు. దరఖాస్తు తిరస్కరించబడినపుడు గౌరవంగా ఇంటిపట్టున ఉండిపోవడానికి మాబ్స్‌కు అవకాశం ఉంది. అయినా సాధారణ సిపాయిగా చేరాడు. అంతటితో ఆగక, తనతో కలిసి పనిచేయడానికి ముందుకు రావలసిందిగా ఊరి క్రీడాకారులకు, ఆట అభిమానులకు పిలుపునిచ్చాడు. కొద్ది రోజులలోనే వందలాది మంది ముందుకు వచ్చారు. వారిలో 250 మందికి పైగా ఎంపికై ఒక కంపెనీగా ఏర్పడ్డారు. నార్తాంప్టన్‌షైరు రెజిమెంటు 7వ బెటాలియన్‌లో ఇది భాగమైంది. ప్రజలు దీనిని మాబ్స్ దళం అనీ, క్రీడాకారుల దళం అనీ పిలిచారు.

ఇటువంటి దళాలు ఆ సంవత్సరం బ్రిటనులో అనేకం ఏర్పడ్డాయి. ఒకే వీధివారు, ఒకే కర్మాగారంవారు, ఒకే క్లబ్బువారు కలిసి చేరితే కలిసే పనిచేయవచ్చునని ప్రభుత్వం హామీ ఇచ్చింది. పరిచయస్తుల మధ్య ఉండడం వల్ల యువకులకు ధైర్యం కలిగింది, నియామకాలు వేగంగా సాగాయి. అయితే ఈ పద్ధతిలోని ప్రమాదం యుద్ధరంగంలో గాని తెలియలేదు. ఒక దళం ఒక్కరోజులో దెబ్బతింటే, ఒకే పేటలోని పదుల ఇళ్ళకు ఒకే వారంలో మరణవార్తలు చేరేవి.

శిక్షణ కాలంలో మాబ్స్ త్వరత్వరగా పదోన్నతులు పొందాడు. సిపాయి నుండి సార్జెంటుగా, తరువాత అధికారిగా నియమితుడయ్యాడు. ఏ హోదాకు వయసు మించినదన్నారో ఆ హోదా అచిరకాలంలోనే ఇతనికి లభించింది. నియామకాలను ప్రోత్సహించడానికి ఏర్పాటైన ప్రదర్శన పోటీలలోనూ ఈ కాలంలో ఆడాడు.

ఫ్రాన్సులో

7వ బెటాలియన్ 1915 సెప్టెంబరు మొదటి వారంలో ఫ్రాన్సు చేరింది. 24వ డివిజన్‌లో భాగమైన ఈ బెటాలియన్‌కు కందకాలలో అనుభవం గడించే వ్యవధి దొరకలేదు. నెల గడవకముందే, సెప్టెంబరు చివరి వారంలో, లూస్ యుద్ధంలోకి దింపబడింది. ఎడతెగని నడకతో అలసి, సరియైన ఆహారం లేకుండా యుద్ధరంగానికి చేరిన కొత్త దళాలు అక్కడ ఘోరంగా దెబ్బతిన్నాయి. బెటాలియన్ అధిపతి సైతం మరణించాడు. మాబ్స్ వెంట వచ్చిన ఊరివారిలో కొందరికి అదే మొదటి పోరాటం, అదే చివరిది.

ఆ నష్టాల తరువాత మాబ్స్ బాధ్యతలు పెరిగాయి. 1916లో మేజరుగా, వెనువెంటనే లెఫ్టినెంట్ కల్నల్‌గా పదోన్నతి పొంది బెటాలియన్‌కే అధిపతి అయ్యాడు. ఇరవై నెలల కిందట సిపాయిగా చేరిన వ్యక్తి సుమారు వేయి మందికి నాయకుడు కావడం అరుదైన విషయం. 1916 వేసవిలో సోమ్ యుద్ధంలో గిల్మాన్ గ్రామం వద్ద జరిగిన పోరాటంలో గాయపడి, కోలుకొని తిరిగి బెటాలియన్‌ను చేరాడు. ఇతని సేవలకు గుర్తింపుగా డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ (డి.ఎస్.ఓ.) అనే సైనిక పురస్కారం లభించింది.

దాడి మొదలుపెట్టే ముందు మాబ్స్ రగ్బీ బంతిని కందకం నుండి శత్రువుల వైపు తన్ని, దాని వెంట సైనికులను నడిపించేవాడని ఒక కథ బహుళ ప్రచారంలో ఉంది. సోమ్ యుద్ధంలో వేరొక రెజిమెంటు అధికారి ఫుట్‌బాల్‌లతో ఇలా చేయించడం చరిత్రలో నమోదైన విషయం. మాబ్స్ విషయంలో ఇది జనశ్రుతిగానే పరిగణించదగినది. ఊరివారు తమ నాయకుడిని ఏ రూపంలో గుర్తుంచుకొనదలచారో ఈ కథ వల్ల తెలుస్తుంది.

మరణం

1917 జూలై 31 తెల్లవారుజామున మూడవ ఈప్ర్ యుద్ధం ప్రారంభమైంది. పాషెండేల్ యుద్ధమని ఎక్కువగా ప్రసిద్ధి పొందిన ఈ పోరాటం నవంబరు వరకు సాగింది. మాబ్స్ బెటాలియన్ ఈప్ర్‌కు ఆగ్నేయంగా, జిల్లెబెకె గ్రామానికి ఆవల ఉన్న అటవీ ప్రాంతంలో దాడి చేసింది. ముందు వారాలలో కురిసిన ఫిరంగి గుండ్ల వల్ల అక్కడ చెట్లు మొద్దులుగా మిగిలాయి, నేల గుంతలమయమైంది.

దాడిలో ముందు వరుస ఒక మెషీన్‌గన్ స్థావరం వద్ద నిలిచిపోయింది. అధికారులు అనేకులు నేలకూలారు. బెటాలియన్ అధిపతి వెనుకనున్న కార్యస్థానం నుండి పోరాటాన్ని నడిపించడం సాధారణ పద్ధతి. ముందు వరుస పరిస్థితి తెలిసిన మాబ్స్ స్వయంగా ముందుకు వెళ్ళి, ఆ మెషీన్‌గన్ స్థావరంపై దాడికి పూనుకున్నాడు. మెడకు తూటా తగిలి ఒక గుంతలో పడిపోయాడు. ప్రాణం పోయే లోపల ఆ మెషీన్‌గన్ ఉన్న చోటును కాగితం మీద వ్రాసి వెనుకకు పంపే ప్రయత్నం చేశాడని నమోదైంది. అప్పటికి ఇతని వయసు 35 సంవత్సరాలు.

బెటాలియన్ అధిపతి ముందు వరుసకు వెళ్ళడం సరియైన నిర్ణయమేనా అన్నది సైనికశాస్త్ర దృష్టితో చర్చించదగిన ప్రశ్న. అధిపతి మరణిస్తే వేయి మందిని నడిపే వ్యవస్థ స్తంభించే ప్రమాదం ఉంటుంది. అయితే తన పిలుపు మీద సైన్యంలో చేరినవారు ఎదుట కూలిపోతుండగా వెనుక నిలిచి ఉండడం మాబ్స్ స్వభావానికి సరిపడేది కాదు.

తరువాతి రోజులలో ఎడతెరపి లేని వర్షాలు యుద్ధరంగాన్ని బురదగా మార్చివేశాయి. మాబ్స్ శరీరం దొరకలేదు. సమాధి లేని కారణాన ఇతని పేరు ఈప్ర్‌లోని మెనిన్ గేట్ స్మారక ద్వారంపై చెక్కబడింది. 1927లో ఆవిష్కరించబడిన ఆ ద్వారంపై, సమాధికి నోచుకోని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లు ఉన్నాయి.

మాబ్స్ దళంలో 264 మంది చేరగా 85 మంది మాత్రమే సజీవంగా మిగిలారని పట్టణ చరిత్రలో తరచుగా పేర్కొంటారు. ఇంగ్లండు జాతీయ జట్టుకు ఆడినవారిలో 25 మందికి పైగా ఆ యుద్ధంలో మరణించారు.

స్మారకం

యుద్ధానంతరం ప్రజల విరాళాలతో మాబ్స్ స్మారకం నిర్మితమైంది. శిల్పి ఆల్‌ఫ్రెడ్ టర్నర్. 1921 జూలైలో నార్తాంప్టన్ సంత కూడలిలో దీనిని ఆవిష్కరించారు. ఎత్తైన పీఠంపై ఒక దేవతామూర్తి, దాని కింద మాబ్స్ ముఖశిల్పం, రగ్బీ ఆటను, యుద్ధాన్ని చిత్రించే కంచు ఫలకాలు ఇందులో ఉన్నాయి. ఆటను, యుద్ధాన్ని ఒకే పీఠంపై పక్కపక్కన నిలపడంలో ఆనాటి ప్రజల భావన ప్రతిబింబిస్తుంది. ఆటలో నేర్చిన గుణాలే యుద్ధంలో అక్కరకు వచ్చాయని వారు విశ్వసించారు. 1937లో ఈ స్మారకాన్ని ఆబింగ్టన్ స్క్వేర్‌లోని స్మారక ఉద్యానవనానికి తరలించారు. ఫ్రాంక్లిన్స్ గార్డెన్స్ మైదానానికి సమీపంలోని ఒక రహదారికి కూడా ఎడ్గర్ మాబ్స్ పేరు పెట్టారు.

మాబ్స్ స్మారక పోటీ

విగ్రహం కంటె ముందే, 1921 ఫిబ్రవరిలో, మాబ్స్ జ్ఞాపకార్థం ఒక రగ్బీ పోటీ ఫ్రాంక్లిన్స్ గార్డెన్స్ మైదానంలో జరిగింది. మాబ్స్ ఆడిన రెండు జట్లు, బార్బేరియన్స్, ఈస్ట్ మిడ్‌లాండ్స్, ఇందులో తలపడ్డాయి. ఇది వార్షిక సంప్రదాయంగా స్థిరపడింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మినహా సుమారు తొంభై ఏళ్ళపాటు కొనసాగింది. అంతర్జాతీయ ఖ్యాతి గల ఆటగాళ్ళను స్థానిక ప్రజలు తమ మైదానంలో దగ్గరగా చూసే అవకాశం దీనివల్ల కలిగేది. మాబ్స్‌ను ఎన్నడూ చూడని తరాలకు అతని పేరు ఈ పోటీ ద్వారానే చేరింది.

1995లో రగ్బీ వృత్తిక్రీడగా మారింది. ఆటగాళ్ళు జీతం తీసుకొని ఆడే కాలంలో, వారాంతం కాని రోజున జరిగే స్మారక పోటీకి పేరున్నవారిని పంపడానికి క్లబ్బులు వెనుకాడసాగాయి. ఫలితంగా బార్బేరియన్స్ పాల్గొనే పోటీ 2011తో ముగిసింది. సంప్రదాయం అంతరించిపోకుండా 2012 నుండి బ్రిటిష్ సైన్యపు రగ్బీ జట్టు రంగంలోకి వచ్చి, బెడ్‌ఫర్డ్, నార్తాంప్టన్ జట్లతో వంతులవారీగా ఆడడం మొదలుపెట్టింది. మాబ్స్ చదువుకున్న ఊరు బెడ్‌ఫర్డ్, పుట్టి పెరిగిన ఊరు నార్తాంప్టన్, మరణించినది సైన్యంలో. ఆ విధంగా అతని జీవితంలోని మూడు భాగాలకూ ఈ కొత్త ఏర్పాటులో చోటు దక్కింది.

తరువాతి కాలంలో నార్తాంప్టన్

మాబ్స్ ఎరిగిన పట్టణం నేడు చాలావరకు మారిపోయింది. చెప్పుల పరిశ్రమ 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో క్షీణించి, మేలురకం బూట్లు తయారుచేసే కొన్ని సంస్థలు మాత్రమే మిగిలాయి. 1959లో లండను నుండి ఎం1 అనే మహా రహదారి ఈ పట్టణం మీదుగా వచ్చింది. 1968లో ప్రభుత్వం నార్తాంప్టన్‌ను విస్తరణ కొరకు నూతన పట్టణంగా ప్రకటించడంతో లండను నుండి వేలాది కుటుంబాలు తరలివచ్చాయి. 2021 జనగణన నాటికి జనాభా రెండు లక్షలు దాటింది. లండనుకు రైలులో సుమారు గంట ప్రయాణం కావడం వల్ల రోజూ అక్కడికి ఉద్యోగాలకు వెళ్ళివచ్చేవారు అనేకులు ఇక్కడ నివసిస్తున్నారు. ఓల్నీకి రైలు సౌకర్యం 1962లోనే తొలగించబడినా, రోడ్డు మార్గాన ఉద్యోగాలకు వెళ్ళేవారితో ఆ ఊరు కూడా అదే తీరుగా మారింది.

ఊరిలో పని, ఊరిలో ఆట అన్న పాత పద్ధతి పోయిన చోట, కొత్తగా వచ్చి స్థిరపడినవారికి ఊరితో ముడి వేసే బంధాలు కొన్నే ఉంటాయి. నార్తాంప్టన్‌లో అటువంటి బంధాలలో రగ్బీ క్లబ్బు ముఖ్యమైనది. క్లబ్బు ఇప్పటికీ ఫ్రాంక్లిన్స్ గార్డెన్స్‌లోనే ఆడుతున్నది. 2000లో యూరోపియన్ కప్‌ను, 2014లోనూ 2024లోనూ ఇంగ్లండు ప్రీమియర్‌షిప్‌ను గెలుచుకున్నది.

ప్రాముఖ్యత

ఆటగాడిగా మాబ్స్ తన కాలపు మేటి వింగ్ ఆటగాళ్ళలో ఒకడు. ఇతని కంటె ఎక్కువ అంతర్జాతీయ పోటీలు ఆడినవారు, ఎక్కువ ట్రైలు సాధించినవారు ఆనాడే ఉన్నారు. అయినా నూరేళ్ళు దాటిన తరువాత కూడా ఇతని పేరు నిలిచి ఉండడానికి కారణం, ఒక ఊరికీ దాని నాయకుడికీ మధ్య ఏర్పడిన విశ్వాసం. ఆ విశ్వాసమే వందలాది యువకులను ఇతని వెంట యుద్ధానికి నడిపించింది. వారిలో అధికులు తిరిగి రాలేదు. ఈ రెండు విషయాలను కలిపి చూసినపుడే మాబ్స్ జీవితం పూర్తిగా అర్థమవుతుంది. తిరిగి రానివారిలో ఇతడూ ఒకడు కావడం వల్లనే కాబోలు, ఊరివారు ఇతనిని నిందించక, తమ బిడ్డలతో సమానంగా తలచుకున్నారు. స్మారకోత్సవాల రోజున ఆబింగ్టన్ స్క్వేర్‌లోని స్మారకం వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచే సంప్రదాయం కొనసాగుతున్నది.